ఇంజను నడుపువాని అవధానము

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాస పాఠము)



సంతనుండి రాత్రివేళ తిరిగివచ్చు రెండెడ్ల బండిలో బండివాడు కునుకు తీసినను పెద్ద కీడు జరుగదు. ఎడ్లకు ఇంటి దారి తెలియును. గుంట వచ్చిన తప్పుకొనును. ఎదుట మరియొక బండి వచ్చిన ప్రక్కకు ఒదుగును. ఇంటి ముంగిట నిలిచి మెడ గంటలు కదలించును. బండివాడు మరచిన జాగ్రత్తను ఎడ్లు వహించును. రైలింజను సంగతి అట్టిది కాదు. నేటి విద్యుత్తు ఇంజనులలో ఆరువేల అశ్వశక్తికి మించినవి కలవు. అంత బలము కలిగియు, ఆ రెండెడ్లకున్న పాటి చూపు వానికి లేదు. పట్టాలు బండిని దారి తప్పనీయవు గాని, ఎక్కడ ఆగవలెనో పట్టాలు చెప్పజాలవు. అది చెప్పునది సిగ్నలు. ఆ సిగ్నలును చూడవలసినది ఇంజనులోని మనుష్యుని కన్ను.

గంటకు 110 కిలోమీటర్ల వేగముతో పోవు బండి ఒక్క సెకనునకు ముప్పది మీటర్లకు పైగా సాగును. ఐదు సెకనులు చూపు మరలినచో నూటయేబది మీటర్లు గడచిపోవును. అట్టి బండిని ఆపదలచినప్పుడు అది బ్రేకు వేసిన చోటనే ఆగదు. ఆగుటకు సుమారొక కిలోమీటరు పట్టవచ్చును. అందువలననే స్టేషనుకు ముందు నిలుచు మొదటి ఆగు సిగ్నలునకు ఒక కిలోమీటరు ముందుగా దూరపు సిగ్నలును నిలిపి, రాబోవు దానిని డ్రైవరునకు తెలియజేయుదురు. దూరపు సిగ్నలు పసుపు చూపినప్పుడు దానిని గమనింపక, ఎదుట ఎరుపు కనబడిన పిదప బ్రేకు వేసినచో, ఆ వేసిన బ్రేకు ఫలింపకపోవచ్చును. కనుక రైలు నడుపు విద్యలో ప్రధానమైనది చేతి నేర్పు కాదు, మనస్సు నిలుపుట.

నేడు గ్రామ గ్రంథాలయములలో వార్తాపత్రికల బల్ల చుట్టును కూర్చుండి రైల్వే పరీక్షలకు చదువుకొను యువతీ యువకులు పెక్కుమంది కలరు. వారిలో కొందరు అసిస్టెంటు లోకో పైలటు ఉద్యోగమును కోరుదురు. పూర్వము డ్రైవరనియు, ఫైర్‌మన్ అనియు పిలువబడినవారే ఇప్పుడు లోకో పైలటు, అసిస్టెంటు లోకో పైలటు అనబడుచున్నారు. ఆ ఉద్యోగమునకు వ్రాతపరీక్షలతోపాటు మనస్సు పనిచేయు తీరును పరిశీలించు కంప్యూటరు పరీక్షయు, కండ్లద్దములు లేకుండ చూపును, రంగులను పోల్చు శక్తిని పరిశీలించు వైద్యపరీక్షయు కలవు. అయినను పరీక్షలో నెగ్గినంతమాత్రమున మనస్సు నిలుచునని తలచరాదు. ఏకాగ్రత పుట్టుకతో వచ్చు వరము కాదు. గట్టిగా సంకల్పించినంతనే కలుగునదియు కాదు. అది అలవాటు వలన నిలుచును, ఏర్పాటు వలన నిలుచును. నేటి ప్రసంగమునకు సారమిదియే.

తెలుగువారికి ఈ మాట క్రొత్త కాదు. అష్టావధానము మన భాషకు సొత్తయిన కళ. ఎనిమిదిమంది పృచ్ఛకులు ఎనిమిది వైపులనుండి అడుగుచుండగా, అవధాని ఏ సూత్రమును జారవిడువక, మ్రోగిన గంటలను లెక్కించుచు, పద్యములను పూరించును. చూచువారికి అది దైవదత్తమని తోచును. కాని దాని వెనుక ఏండ్ల సాధన కలదు. అవధానమునందు అప్రస్తుత ప్రసంగి యను నొకడు కూర్చుండి, సంబంధము లేని ప్రశ్నలతో అవధాని మనస్సును చెదరగొట్టజూచును. సభలో అది వినోదము. అవధాని తడబడినచో ఒక పాదము చెడును, సభ నవ్వును. ఇంజనులో డ్రైవరు తడబడినచో నష్టపోవునవి వెనుక పెట్టెలలో నిద్రించువారి ప్రాణములు. కావున ఇంజనులోనికి అప్రస్తుత ప్రసంగిని అసలు రానీయకుండుటయే మొదటి పాఠము.

మనస్సు ఎందుకు జారునో మొదట తెలిసికొనవలెను. బ్రిటనులో నార్మన్ మాక్‌వర్త్ అను శాస్త్రజ్ఞుడు 1948లో ఒక పరిశోధనను ప్రకటించెను. యుద్ధకాలమున రాడారు తెరలను గంటల తరబడి చూచు సైనికులు కొంతసేపటికి గుర్తులను గమనింపలేకపోవుటయే అందుకు ప్రేరణము. ఆయన ఒక గడియారము వంటి యంత్రమును అమర్చెను. దాని ముల్లు సమానమైన అడుగులతో జరుగును. ఎప్పుడో ఒకసారి మాత్రము ఒక్కసారిగా రెండడుగులు దుమికి పోవును. చూచువాడు ఆ దుముకును కనిపెట్టి తెలుపవలెను. రెండు గంటలు సాగిన ఆ పరీక్షలో, మొదటి అరగంట గడచునప్పటికే కనిపెట్టలేకపోయిన దుముకులు హెచ్చెను. అట్లు విఫలులైనవారు సోమరులు కారు. ఏమియు జరుగని చోట అరుదుగా జరుగుదానికై ఎదురుచూచుట మనుష్య స్వభావమునకు కష్టము. రైలు డ్రైవరు పనియు అట్టిదే. ఆకుపచ్చ దీపము తరువాత ఆకుపచ్చ దీపము గంటల కొలది వచ్చుచుండగా, మనస్సు రాబోవునదియు ఆకుపచ్చయే యని ముందుగానే నిశ్చయించుకొనును. అప్పుడు కన్ను ఉన్నదానిని చూడదు, మనస్సు తలచినదానినే చూచును.

దీనికి విరుగుడుగా జపాను రైల్వేలలో ఇరువదవ శతాబ్దపు తొలినాళ్లలో ఒక పద్ధతి వాడుకలోనికి వచ్చెను. డ్రైవరు సిగ్నలును చూచినంతనే చేయి చాచి వ్రేలితో దానిని చూపి, దాని రంగును బిగ్గరగా పలుకును. వేగమును తెలుపు ముల్లును గూర్చియు, స్టేషనును విడుచు వేళను గూర్చియు అట్లే చేయును. క్రొత్తగా చూచినవారికి నవ్వు పుట్టవచ్చును; ఒంటరిగా కూర్చున్నవాడు గాలితో మాటలాడుచున్నట్లుండును. కాని దానిలోని యుక్తి గొప్పది. కన్ను చూచును, చేయి చూపును, నోరు పలుకును, చెవి వినును. నాలుగింద్రియములు ఒకే వస్తువుపై కూడినప్పుడు మనస్సు వేరొక చోటికి పోవుట కష్టము. 1994లో అచ్చటి రైల్వే సాంకేతిక పరిశోధన సంస్థ ఒక సులభమైన పనిపై పరీక్షింపగా, ఏ పద్ధతియు లేనప్పుడు నూరింటికి 2.38 తప్పులును, చూపి పలికినప్పుడు 0.38 తప్పులును జరిగెను. అనగా తప్పులు ఆరవవంతునకు తగ్గెను.

మన భారతీయ రైల్వేలలోను ఇట్టి నియమము కలదు. సిగ్నలు కంటబడినంతనే లోకో పైలటును, అసిస్టెంటును దానిని గుర్తించి, దాని స్థితిని ఒకరికొకరు బిగ్గరగా చెప్పుకొనవలెనని సాధారణ నియమములలో వ్రాయబడియున్నది. ఇక్కడ శిక్షార్థి తెలిసికొనవలసిన సూక్ష్మమొకటి కలదు. పెద్దవాడు "ఆకుపచ్చ" యనగానే తానును తల యెత్తక "ఆకుపచ్చ" యనుట పలుకుట కాదు, ప్రతిధ్వని. గుడిలో పూజారి మంత్రమునకు నిద్రమత్తులో "నమః" యనినట్లుండును. రెండు నోళ్లు పలికినను చూచినది ఒక కన్నే యగును. మొదట చూడవలెను, పిదప పలుకవలెను. పెద్దవాడు చెప్పిన రంగు తనకు కనబడిన రంగుతో కలియనిచో, వయస్సును, హోదాను ఆలోచింపక వెంటనే చెప్పవలెను. సందేహము తీరువరకు ఎక్కువ జాగ్రత్తను కోరు రంగునే నిజమని తలచి బండిని అదుపు చేయవలెను. పెద్దల మాటకు ఎదురు చెప్పరాదని మన ఇండ్లలో పిల్లలకు నేర్పుదుము. ఇంజనులో మాత్రము ఎదురు చెప్పుటయే వినయము.

రెండవ సాధన దారిని నేర్చుట. క్రొత్త మార్గమున బండి నడుపుటకు ముందు డ్రైవరు ఆ మార్గమున పగలును, రాత్రియు తిరిగి, సిగ్నళ్లు ఎక్కడ నున్నవో, వంపులెక్కడనో, ఎత్తు పల్లములెక్కడనో, గేట్లెక్కడనో మనస్సున ముద్రించుకొనవలెను. దారి తెలిసినవాడు సిగ్నలు కనబడక ముందే దానికై వెదకును. తెలియనివాడు అది కనబడిన తరువాత తెలిసికొనును. ఆ కొద్దిపాటి తేడాలో ప్రాణములున్నవి.

1999 అక్టోబరు 5వ తేదీ ఉదయము లండను నగరమున పాడింగ్టన్ స్టేషనునుండి బయలుదేరిన ఒక రైలు, లాడ్‌బ్రోక్ గ్రోవ్ అనుచోట ఎర్ర సిగ్నలును దాటిపోయి, ఎదుటినుండి వచ్చు మరియొక రైలును ఢీకొనెను. 31 మంది మరణించిరి. ఆ రైలు డ్రైవరు అర్హత పొంది అప్పటికి రెండు వారములైనను నిండలేదు. అతడును మరణించెను. విచారణలో తేలిన విషయములు ఆలోచింపదగినవి. ఆ సిగ్నలు స్పష్టముగా కనబడుచోట లేదు. ఉదయపు ఎండ దీపములపై పడుచుండెను. అంతకు ముందు ఆరేండ్లలో ఎనిమిది పర్యాయములు ఇతర డ్రైవర్లును అదే సిగ్నలును ఎరుపుండగా దాటియుండిరి. అట్టి సిగ్నలును గూర్చి ఆ క్రొత్తవానికి తగిన శిక్షణ లభింపలేదు. అచ్చటి ఇంజనులలో హెచ్చరిక హారను కలదు. కాని అది పసుపునకును, ఎరుపునకును ఒకే విధముగా మ్రోగును, డ్రైవరు మీట నొక్కి దానిని ఆపును. రోజున కెన్నియో సార్లు నొక్కు చేయి, మనస్సుతో నిమిత్తము లేకయే నొక్కుటకు అలవడును. కనుక తప్పును ఒక్కనిపై మోపి చేతులు కడుగుకొనరాదు. అలవాటు మంచిదే గాని, మనస్సు లేని అలవాటు కాపాడజాలదు.

మూడవ సాధన జ్ఞాపకమును నిలుపుట. పసుపును దాటిన బండి స్టేషనులో ఆగును. ప్రయాణికులు ఎక్కుదురు, దిగుదురు. రెండు నిమిషములు గడచును. బయలుదేరుటకు సైగ వచ్చినంతనే, వెనుక చూచిన పసుపును మరచి డ్రైవరు బండిని కదిలించుట కలదు. ఎదుట ఎరుపున్నదని అప్పటికి తోచదు. సంతకు పోవు రైతు మరువరాని సరకునకై తువాలు కొసకు ముడి వేసికొనును. బ్రిటను రైళ్లలో ఇట్టి ముడి యొకటి కలదు. ఎర్ర సిగ్నలు వద్ద ఆగినప్పుడు డ్రైవరు ఒక ఎర్రని మీటను నొక్కి పెట్టును. దానిని తిరిగి లాగువరకు బండి కదలదు. అట్టి మీట లేనిచోటను శిక్షార్థి తనకొక ముడిని కల్పించుకొనవచ్చును: పసుపు దాటినది మొదలు ఎదుటి సిగ్నలు కనబడువరకు "పసుపులో నున్నాము, ఎరుపునకు సిద్ధము" అని నడుమ నడుమ పైకి పలుకుచుండుట. స్టేషనునుండి కదలుటకు ముందు సైగను గాక సిగ్నలును చూచుట.

నాలుగవది జరిగిన తప్పును వెనుక విడుచుట. ఇది మిక్కిలి కష్టము. 2005 ఏప్రిల్ 25వ తేదీన జపానులోని అమగసాకి నగరమున ఒక రైలు, 70 కిలోమీటర్ల వేగము మించరాని వంపును 116 కిలోమీటర్ల వేగముతో చేరి, పట్టాలు తప్పి, ప్రక్కనున్న మేడకు కొట్టుకొనెను. డ్రైవరుతో కూడ 107 మంది చనిపోయిరి. అతని వయస్సు 23 ఏండ్లు. అనుభవము 11 నెలలు. కొలది నిమిషములకు ముందు ఇటామి స్టేషనులో అతడు బండిని ఆపవలసిన చోట ఆపలేక డెబ్బది మీటర్లకు పైగా ముందుకు పోనిచ్చెను. అచ్చట తప్పు చేసిన డ్రైవర్లను బండినుండి దించి, అవమానకరమైన పునశ్శిక్షణకు పంపు వాడుక యుండెను. అతడు అంతకు ముందొకసారి దానిని అనుభవించియుండెను. వెనుకనున్న కండక్టరు ఆ తప్పును గూర్చి రేడియోలో పై అధికారులకు ఏమి చెప్పునోయని అతని మనస్సు దానిపై లగ్నమైయుండుటచే, బ్రేకు వేయవలసిన చోటును మరచియుండవచ్చునని విచారణ సంఘము 2007లో నిర్ణయించెను.

ఇందు రెండు పాఠములు కలవు. శిక్షార్థికి ఒకటి: తప్పు జరిగినప్పుడు నాలుగు మాటలలో నిజమును తెలిపి, మిగిలిన విచారమును బండి దిగిన పిదపటికి ఉంచవలెను. దీర్ఘముగా ఊపిరి విడిచి, ఎదుటి సిగ్నలును వ్రేలితో చూపి, పేరు పెట్టి పలికినచో, పారిపోయిన మనస్సు తిరిగి వచ్చుటకు త్రోవ దొరకును. రెండవ పాఠము శిక్షణ యిచ్చు పెద్దలది: భయము మనస్సును నిలుపదు, చీల్చును. సగము మనస్సు పట్టాలపైనను, సగము రాబోవు శిక్షపైనను ఉన్న డ్రైవరు, నిర్భయుడైన డ్రైవరుకంటె ప్రమాదకరుడు. తప్పును దాచుకొనక చెప్పిన శిష్యుని మెచ్చు గురువు వద్దనే భద్రత వర్ధిల్లును.

ఐదవది అప్రస్తుత ప్రసంగిని బయట నుంచుట. నేటి అప్రస్తుత ప్రసంగి సెల్ ఫోను. 2008 సెప్టెంబరు 12వ తేదీన అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున, చాట్స్‌వర్త్ వద్ద ఒక ప్రయాణికుల రైలు ఎర్ర సిగ్నలును దాటి గూడ్సు బండిని ఢీకొనగా 25 మంది మరణించిరి. డ్రైవరు తన చివరి ఫోను సందేశమును పంపినది ఢీకొనుటకు 22 సెకనుల ముందు. మన రైల్వేలలోను బండి నడుచుచుండగా సెల్ ఫోను వాడరాదను నిబంధన కలదు. దానిని జేబులో మూగగా నుంచుట చాలదు, పూర్తిగా ఆర్పివేయవలెను. మ్రోగని ఫోనును సైతము మనస్సు ఎదురుచూచుచునే యుండును.

ఆరవది నిద్ర. "నిద్ర సుఖమెరుగదు" అను సామెత అందరికిని తెలిసినదే. నిద్ర చోటును, వేళను కూడ ఎరుగదు. నిద్ర చాలనివానికి కండ్లు తెరచియుండగనే కొన్ని సెకనులు స్పృహ తప్పుట కలదు. అట్లు తప్పినట్లు వానికే తెలియదు. తెల్లవారుజామునకు ముందటి రెండు మూడు గంటలు దేహమునకు మిక్కిలి మందమైన వేళ. అప్పుడు సంకల్పబలము పని చేయదు. కాఫీ కొంత తోడ్పడును గాని నిద్రకు బదులు కాజాలదు. నిద్రకు మందు నిద్రయే. ఇంటికి దూరమున డ్యూటీ దిగినవారు విశ్రమించుటకు రైల్వేవారు రన్నింగు రూములు ఏర్పరచిరి. డ్యూటీ ఎక్కునప్పుడు ఊపిరిని పరీక్షించి, మద్యము సేవించినవారిని బండి ఎక్కనీయరు. కాని నిద్రలేమిని పట్టియిచ్చు గొట్టమేదియు అక్కడ నుండదు. తాను నిద్రపోలేదని తెలిసినవాడు తానే చెప్పవలెను. అట్లు చెప్పుట పిరికితనము కాదు.

యంత్రములు సహాయపడవాయని ఎవరైన అడుగవచ్చును. సహాయపడును. మన ఇంజనులలో అప్రమత్తతను పరీక్షించు పరికరము కలదు. డ్రైవరు ఒక నిమిషము పాటు ఏ మీటనైనను కదలింపకుండినచో దీపము మెరయును, పిదప ధ్వని పుట్టును, అప్పటికిని పలుకనిచో బ్రేకులు తమంత పడును. కాని 110 కిలోమీటర్ల వేగమున ఒక నిమిషమనగా దాదాపు రెండు కిలోమీటర్లు. అది ప్రాణము పోయినవానిని, మూర్ఛిల్లినవానిని గుర్తించును. ఆకుపచ్చ యని భ్రమించినవానిని గుర్తింపదు. ఆ కొరతను తీర్చుటకు మన దేశమున "కవచ్" అను ఏర్పాటును రూపొందించిరి. ప్రయాణికుల రైళ్లపై దాని పరీక్షలు 2016లో దక్షిణ మధ్య రైల్వే మార్గములపైననే ఆరంభమయ్యెను. డ్రైవరు ఎర్ర సిగ్నలును దాటబోయినచో అది బ్రేకులు వేయును. 2020లో దానిని దేశమంతటికిని తగిన పద్ధతిగా స్వీకరించిరి. ఐనను అన్ని మార్గములకును అది ఇంకను విస్తరింపవలసియున్నది. అట్లు విస్తరించిన నాడును మనుష్యుని అవధానమునకు విలువ తగ్గదు. పట్టాపై పడిన పశువును, గేటు క్రిందనుండి దూరివచ్చు బాలుని, వరదకు కోసుకొనిపోయిన గట్టును చూడవలసినది కన్నే.

ఈ మాటలు గ్రామస్థులకేల యని ఎవరును తలపవలదు. డ్రైవరు ఏకాగ్రత ఇంజనులో పుట్టదు, ఇంటిలో పుట్టును. రాత్రి బండి నడుపవలసినవాడు పగలు నిద్రింపవలెను. పట్టపగలు పడుకొన్న కుమారుని చూచి సోమరి యనుకొను తల్లిదండ్రులును, వాని తలుపు తట్టు స్నేహితులును, పెండ్లికో, పండుగకో వాని ఇంటి ముందరనే మైకు కట్టు పెద్దలును తెలియకయే వేలమంది ప్రయాణికుల భద్రతను తగ్గించుచున్నారు. డ్యూటీకి పోవువానికి భోజనము పెట్టు వేళ ఇంటి తగవులను, అప్పుల మాటలను ఎత్తకుండుట ఆ ఇంటివారు చేయగల సహాయము. తిరిగి వచ్చి నిద్రించి లేచిన పిదప ఆ మాటలన్నియు మాటలాడుకొనవచ్చును. అట్లే మూసిన గేటు క్రిందనుండి దూరకుండుటయు, పట్టాల ప్రక్క పశువులను విడువకుండుటయు గ్రామస్థుల వంతు.

ఈ ఉద్యోగమును కోరు యువకులు నియామక పత్రమునకై వేచియుండనక్కరలేదు, సాధనను నేడే ఆరంభింపవచ్చును. గ్రంథాలయములో ఒక పుస్తకమును తీసికొని, ఫోనును ఇంటివద్ద విడిచి, అరగంట తల త్రిప్పక చదువవలెను. మనస్సు ఎన్ని మార్లు జారినదో లెక్కించి, జారిన ప్రతి పర్యాయము కోపగింపక తిరిగి అదే పంక్తికి తేవలెను. మనస్సు జారనివాడు లోకమున లేడు. జారిన మనస్సును త్వరగా గుర్తించి మరల తెచ్చుకొనువాడే నమ్మదగిన డ్రైవరగును.

రైలు మార్గము ప్రక్కనున్న ఊళ్లలో అర్ధరాత్రి వేళ గేటు దాపున బండి కూత వినబడును. నిద్రలో ఒత్తిగిలి, బండి పోవుచున్నదని అనుకొని జనులు మరల నిద్రింతురు. ఆ సమయమున ఆ ఇంజనులో ఇరువురు మేలుకొని, చీకటిలో కనబడు దీపము రంగును ఒకరికొకరు పలుకుకొనుచుందురు. వారిలో ఒకడు ఈ గ్రంథాలయములో చదువుకొన్నవాడు కావచ్చును. వాడు చూచి పలుకువాడై యుండవలెనని కోరుచు, ఈ గ్రంథాలయము మరి పెక్కు ఉత్సవములు జరుపుకొనుగాక యని ఆశించుచు, ఈ ప్రసంగము ముగింపబడుచున్నది.

స్వస్తి.